గోడ మీది కాంతమ్మాళ్

జోతిమణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. బడి వదిలి, పిల్లలందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక, తన కూతురు ఇలక్కియ ఒక్కతే గేటు పట్టుకుని నిలబడి ఉండడం. గ్యాసు కట్టేశానా లేదా, కుక్కరు నాలుగో కూత వేసిందా అనే చిన్న భయాలు ఆమెకు ఇంకా చాలా ఉన్నాయి గానీ, అవన్నీ ఈ పెద్ద భయానికి దూరపు చుట్టాలు.

ఆ మంగళవారం ఉదయం ఆ పెద్ద భయానికి తేదీ కూడా పడింది. ఇలక్కియను బడి నుంచి తీసుకొచ్చే ఆటో ఆయన, వచ్చే సోమవారం నుంచి రానని చెప్పేశాడు. తిరుప్పూరులో బావమరిది కొట్టు చూసుకోవాలట. జోతిమణి భర్త శక్తివేల్ పొద్దున పాపను బడిలో దింపి పోతాడు గానీ, సాయంత్రం ఏడు దాటితే గానీ సూలూరులో మగ్గాల షెడ్డు నుంచి కదలలేడు. అత్త ఆరాయికి కంటి ఆపరేషను అయి పదిరోజులే అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వంటింటికీ వాకిలికీ తిరగడమే గొప్ప, అవినాశి రోడ్డు దాటి బడికి వెళ్ళడం తన వల్ల కాదని ఆమే తేల్చి చెప్పింది. ఇక మిగిలింది జోతిమణి. ఆమెది పీలమేడులో ఒక యూనివర్సిటీలో ఊడ్చి తుడిచే పని. తొమ్మిదిన్నరకు ఎక్కితే ఆరింటికి దిగాలి. తెల్లవారి ఆరు గంటల షిఫ్టుకు మారితే మాత్రం రెండింటికే వదిలేస్తారు. మూడుంపావుకు బడి గేటు ముందు నిలబడవచ్చు.

షిఫ్టు మార్పు కావలసినవాళ్ళు శుక్రవారం సాయంత్రం అయిదులోగా యూనివర్సిటీ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. కాగితం తీసుకోరు. జోతిమణి ఫోనులో అప్పటికే మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ ఎర్ర అక్షరాలు వచ్చి ఏదో తిట్టాయి. తిట్టు ఇంగ్లీషులో ఉండడంతో దేనికి తిట్టాయో తెలియలేదు. ఆమెది తొమ్మిదో తరగతి సగంలో ఆగిన చదువు, అదీ తమిళంలో.

అందుకే ఆ రోజు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. వెబ్‌సైట్లు తయారుచేసే గదిని పదింటికల్లా తుడిచేయాలి. అక్కడ పనిచేసే గోపికను అడిగి దరఖాస్తు పెట్టించుకోవాలి. గోపిక పీలమేడు పిల్లే. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, జోతిమణిని నోరారా అక్కా అంటుంది. అడిగితే కాదనదు.

గదిలో అడుగుపెట్టగానే అద్దపు గోడ మీద నాలుగు కొత్త కాగితాలు కనిపించాయి. ఒక్కోదాని మీద ఒక ఫొటో, పేరు, వయసు. జోతిమణి చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. వాళ్ళ వీధిలో గోడకు ఫొటో, పేరు, వయసు అంటించారంటే ఆ మనిషి పోయి ఉండాలి, లేదా తప్పిపోయి ఉండాలి. ఫొటోలకు దండలున్నాయేమోనని చూసింది. లేవు. అమ్మయ్య, పోలేదు.

మూడు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాలుగోది తమిళంలో ఉంది కాబట్టి కూడబలుక్కోకుండానే చదివింది. "కాంతమ్మాళ్ మేకల. వయసు 58. హాస్టలు వంటశాలలో పని. ఊరు కినత్తుకడవు. ఇంటి భాష తెలుగు. ఒంటరిగా ఉంటుంది. ఎడమ కన్ను సరిగా కనబడదు. భయం: ఒక్క బటను తప్పు నొక్కితే ఉద్యోగం పోతుందేమో."

నిజానికి ఆ నలుగురూ ఈ భూమ్మీద పుట్టనేలేదు. వెబ్‌సైటు తయారుచేసేవాళ్ళు దాన్ని వాడేది మనుషులన్న సంగతి మరిచిపోకుండా ఉండడానికి, ఇలా కొందరిని ఊహించుకుని, పేరూ ఊరూ కష్టసుఖాలూ రాసి కళ్ళెదురుగా అంటించుకుంటారు. ఫొటోలు కూడా కంప్యూటరు గీసినవే. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, గది తుడిచే మనిషికి తప్ప.

ఆమె బల్ల కింద తుడుస్తుండగా ఆ గదికి పెద్ద అయిన అరవిందన్ గోపికతో మాట్లాడుతూ వచ్చాడు.

"గోపికా, ఆ కాంతమ్మాళ్‌ను తీసేయండి."

"పావం సార్! ఏమీ తెలియనిది ఆమె ఒక్కతే. మిగిలిన ముగ్గురూ ల్యాప్‌టాప్ వాళ్ళు."

"శుక్రవారం మూడు గంటలకు రిజిస్ట్రార్ చూడడానికి వస్తారు. నలుగురిని చూపిస్తే నలుగురికీ జవాబు చెప్పాలి. ఈవిడ ఒక్కదాని వల్ల మన పని రెండు నెలలు వెనక్కి పోతుంది. ముగ్గురు చాలు."

"ముఖం చూస్తే మనసు రావడంలేదు సార్."

"ఎవరు అడగబోతారు? ఆమెకు ఎవరున్నారు?" అని నవ్వాడు అరవిందన్.

బల్ల కింద జోతిమణి అంతా వింది. దరఖాస్తు మాట అడగడానికి వచ్చిన నోరు మూతపడిపోయింది. బటను నొక్కడం రాని మనుషులను తీసేస్తున్న గదిలో నిలబడి, నాకూ బటను నొక్కడం రాదని ఎవరు చెప్పుకుంటారు? వాళ్ళు టీకి వెళ్ళగానే కాంతమ్మాళ్ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, నేల సగం తడిగా ఉండగానే బయటపడింది.

సాయంత్రం ఇంట్లో ఆ ఫొటో చూపించి సంగతంతా చెప్పింది. ఆరాయి నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"ఇంటిపేరు ఏమంటివి?"

"మేకల, అత్తా."

"మనదే కదే!"

వాళ్ళ పెద్దలు తెలుగు సీమ వదిలి ఈ తమిళ సీమకు వచ్చి ఎన్ని తరాలయిందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు ఆధార్‌లో లేదు, రేషను కార్డులో లేదు. రాసేచోట పేరు ముందు తండ్రి పేరుదో భర్త పేరుదో ఒక్క అక్షరమే, అంతే. కానీ పెళ్ళి మాట వచ్చినా చావు కబురు వచ్చినా మొదట అడిగేది ఇంటిపేరే. అదే ఇంటిపేరయితే అన్నం పెట్టక తప్పదు, అవసరానికి వెళ్ళి నిలబడక తప్పదు.

"మీ మామకు చిన్నాయన ఒకాయన ఉండె" అంది ఆరాయి. "పొల్లాచ్చి పక్క టెంకాయ తోటకు కాపలాకు పోయినాడు, మళ్ళీ రాలే. ఆయన కూతురే ఇది. నాకు వదినె అవుతాది."

"ఆయనకు కూతురు ఉండెనా అత్తా?"

"లేకుంటే ఇది ఎట్లా వచ్చె?"

శక్తివేల్ అన్నం కలుపుకుంటూ ఫోనులోకి తొంగి చూశాడు. "అమ్మా, ఈ ముఖం మన ముఖం మాదిరి లేదే."

"నీ ముఖం మాత్రం మన ముఖమా? అచ్చం మీ మేనమామ. నోరు మూసుకోని తిను."

బుధవారం సాయంత్రానికి వీధిలో ముగ్గురికి కాంతమ్మాళ్ స్పష్టంగా గుర్తొచ్చింది. ఒకావిడ ఆమెతో కలిసి మారియమ్మ పండుగలో నవధాన్యాల మొలకల కుండలు మోసింది. ఒకావిడ పెళ్ళిలో ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని అలిగి వెళ్ళిపోయింది. మూడో ఆవిడ ఇత్తడి చెంబు ఆమె దగ్గరే ఉండిపోయింది. పుట్టని మనిషి మీద అంత కోపమూ అంత ప్రేమా ఒక్క పూటలో ఎలా పుట్టుకొచ్చాయో గానీ, రాత్రి వంటల వేళకు అందరూ ఒక నిర్ణయానికి వచ్చారు. హాస్టలు వంటశాలలో జోతిమణి అడిగితే ఆ పేరున ఎవరూ లేరన్నారు, అంటే భయపడి ఊరికి వెళ్ళిపోయి ఉండాలి. కాంతమ్మాళ్‌ను వెతికి తెచ్చి, శుక్రవారం రిజిస్ట్రార్ ముందు నిలబెట్టాలి.

"అత్తా, నా ఫారం..." అంది జోతిమణి. ఆ రోజు నాలుగోసారి కూడా ఎర్ర అక్షరాలే వచ్చాయి. "శుక్రవారం అయిదు దాటితే అంతే. సోమవారం పాప ఒక్కతే గేటు దగ్గర..."

"ముందు మన మనిషిని నిలబెట్టుకుందాం. ఆ పెద్దాయన ఉండాడే, ఆయననే నీ ఫారం కూడా అడుగుతా. నేను అడిగితే ఇయ్యకుండా ఎట్లా పోతాడు?"

గురువారం పొద్దున్నే, అవినాశి రోడ్డు దాటలేని ఆరాయి ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, మురుకుల సంచితో అవినాశి రోడ్డు దాటి, ఉక్కడం బస్టాండుకు వెళ్ళి, పొల్లాచ్చి బస్సెక్కి కినత్తుకడవులో దిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు జోతిమణి మెట్లు తుడుస్తుండగా ఫోను మోగింది.

"చిక్కింది!"

"ఎవరు అత్తా?"

"ఎవరా? మన కాంతమ్మాళ్! బస్టాండులో పూలమ్మే ఆమెను అడిగితిమి, తెలుగు మాట్లాడే ఒంటి ముసలామె, ఎడమ కన్ను కానరానిది ఎవరైనా ఉండారా అని. నేరుగా ఇంటికే తోడుకోని పోయె. కాంతమ్మాళేనా అంటే అవును అనె!"

"పేరు మీరు చెప్పినారా, ఆమె చెప్పెనా?"

"రెండూ ఒకటే కదే!"

"ఉద్యోగం సంగతి చెప్పినారా అత్తా?"

"చెప్పకుండానా? నీ పని పోతా ఉండాది వదినా అంటే, ఏమి పని అని అడిగె. పావం, మనసు విరిగి పనే మరిచిపోయినాది. నువ్వు ఏడవద్దు, తోడుకోని వస్తా ఉండాము."

జోతిమణి ఏడవడంలేదు. లెక్క ఎక్కడో తప్పిందని మాత్రం అనిపించింది. ఇంటికి వెళ్ళేసరికి ముసలామె చాప మీద కూర్చుని ఇలక్కియకు జడ వేస్తోంది. జోతిమణి ఫోను తీసి పోల్చి చూసింది. ముక్కు వేరు. గడ్డం వేరు. చెవులు కూడా వేరే ఎవరివో.

"అత్తా, ఫొటోలో ఉండే మాదిరి లేదు."

"ఫొటోలో ఎవరు ఉండే మాదిరి ఉంటారు? నీ ఆధార్ తీసి చూసుకో" అంది ఆరాయి.

అన్నాలప్పుడు చారు పోస్తూ మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, మీరు నిజంగా కాంతమ్మాళేనా?"

ముసలామె కంచంలోంచి తల ఎత్తకుండా, "నీకు ఎట్లా పిలవాలని ఉంటే అట్లా పిలువు తల్లీ. ఇంకొంచం చారు పోయి" అంది.

శుక్రవారం నాలుగు దాటి పది నిమిషాలకు, ఆలస్యంగా వచ్చిన రిజిస్ట్రార్ సుబ్రమణియం ఎదుట అరవిందన్ తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. "మా సైటును వాడే మనుషులు ముగ్గురు సార్" అంటున్నాడు. తలుపు తెరుచుకుంది. ముందు నల్ల కళ్ళద్దాలతో ఆరాయి, ఆమెను ఎవరో అధికారి తల్లి అనుకుని సలాము కొట్టి లోపలికి పంపిన సెక్యూరిటీ ఆయన, వెనక ఎనిమిది మంది ఆడవాళ్ళు, మధ్యలో కొత్త చీరలో ముసలామె. అందరికంటే వెనక తుడుపుకర్రతో జోతిమణి. ఆమె డ్యూటీలో ఉంది మరి.

"ఇక్కడ కాంతమ్మాళ్‌ను తీసేస్తామన్నది ఎవరు?" అని అడిగింది ఆరాయి తమిళంలో.

అరవిందన్ గోడవైపు చూశాడు. నాలుగో కాగితం ఉన్నచోట టేపు ముక్కలు నాలుగు మిగిలి ఉన్నాయి. తర్వాత ముసలామె వైపు చూశాడు.

"ఏ... ఏ కాంతమ్మాళ్?"

"ఎంతమందిని తీసేసినావు సామీ, ఏది అని అడిగేదానికి?"

సుబ్రమణియం కళ్ళజోడు సర్దుకున్నాడు. "అరవిందన్, ఈమె ఎవరు?"

ఈమె లేనే లేదు సార్ అని చెబుదామంటే ఆమె ఎదురుగా నిలబడి ఉంది. "మా... నాలుగో మనిషి సార్."

"తెర మీద ముగ్గురే ఉన్నారే?"

"తీసేశాం సార్."

"ఎందుకు?"

అరవిందన్ నోటి నుంచి నిజం జారిపోయింది. "ఆమె లేకపోతే సైటు బాగా పనిచేస్తుంది సార్."

గోపిక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుబ్రమణియం మాత్రం కోప్పడలేదు. ఆయన ముఖం వెలిగింది. "రెండేళ్ళ నుంచి అడుగుతున్నాను, సైటు వాడే మనిషిని ఒక్కరినైనా తెచ్చి చూపించండని. ఇప్పటికి తెచ్చారు! కూర్చోండమ్మా. గోపికా, ఆమె ముందు ఫారం తెరవండి."

ముసలామె కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని గౌరవంగా చూసింది. "నాకు ఈ కన్ను కానరాదు సామీ, అక్షరమూ రాదు. ఈ పిల్లను చెయ్యమనండి. నిన్నటి నుంచి దీనికి అన్నం దిగలే, ఏదో ఫారం అని."

జోతిమణి చెయ్యి తుడుచుకుంది. ఆ గదిలో కుర్చీలన్నీ రెండేళ్ళుగా తుడుస్తోంది గానీ, ఒకదానిలో కూర్చోవడం అదే మొదటిసారి. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. తన షిఫ్టు దరఖాస్తే తెరిచింది. పేరు కొట్టింది. రెండో గడిలో ఎప్పటిలాగే ఎస్ అని ఒక అక్షరం కొట్టింది. బటను నొక్కింది. అందరి ముందూ ఎర్ర అక్షరాలు వచ్చాయి.

సుబ్రమణియం వంగి చదివాడు. "ఇంటిపేరుకు కనీసం రెండు అక్షరాలు ఉండాలట."

"కార్డులో ఒక అక్షరమే ఉండాది సార్" అంది జోతిమణి. "ఇంటిపేరు ఇంట్లో ఉండాది."

"నాదీ అంతేగా. వి. సుబ్రమణియం. మరి నా సెలవు దరఖాస్తులు ఎట్లా పోతున్నాయి?"

గోపిక నేల చూపులు చూసింది. "మీ పీయే వి అక్షరం రెండుసార్లు కొడతారు సార్. రికార్డులో మీరు వీవీ సుబ్రమణియం."

"ఇట్లా ఈ గడి దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎంతమంది?" అని అడిగాడు వీవీ సుబ్రమణియం.

గోపిక వెతికి చూసింది. "ఈ నెలలో నాలుగువందల పన్నెండు సార్."

"మేము జనానికి ఆసక్తి లేక మధ్యలో వదిలేస్తున్నారని రాశాం సార్" అన్నాడు అరవిందన్ చిన్న గొంతుతో. పోయిన మూడు నెలల నివేదికల్లోనూ అదే రాసి ఉంది.

ఆ గడిని సరిచేయడానికి గోపికకు పావుగంట పట్టింది. ఆ పావుగంట జోతిమణి గడియారం ముల్లు తప్ప ఏదీ చూడలేదు. నాలుగూ నలభై ఎనిమిదికి మళ్ళీ బటను నొక్కింది. ఈసారి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఆకుపచ్చ రంగులో కూడా తిడతారేమోనని గోపికను అడిగి తెలుసుకుంది.

"అందిందట అక్కా. అయిపోయింది."

"సోమవారం నుంచి ఆరు గంటల షిఫ్టు" అన్నాడు సుబ్రమణియం అక్కడికక్కడే సంతకం పెడుతూ. "ఇక కాంతమ్మాళ్‌ను ఎవరూ తీసేయడానికి వీల్లేదు." అరవిందన్ వెళ్ళి చెత్తబుట్టలోంచి కాగితం తీసి, మడతలు సాపు చేసి గోడకు అంటించాడు.

రిజిస్ట్రార్ వెళ్ళాక గోపిక జోతిమణి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఈ పెద్దమ్మ ఎవరు?"

"కాంతమ్మాళ్ కదా."

"అక్కా, కాంతమ్మాళ్ అని ఎవరూ లేరు! అది నేను రాసింది. ఆ గడిలో పెట్టేదానికి ఒక తెలుగు ఇంటిపేరు కావాలని పోయిన నెల నిన్నే కదా అడిగితిని? మేకల అని నువ్వే చెప్పినావు."

జోతిమణి అత్త వైపు చూసింది. అత్త ముసలామె వైపు చూసింది. ముసలామె టీలో బిస్కత్తు ముంచుకుంటోంది.

"ఏమమ్మా, నీ పేరు ఏమి?" అంది ఆరాయి.

"అంజలమ్మ."

"మరి కాంతమ్మాళ్ అంటే అవునంటివే!"

"వాకిట్లో నిలబడుకోని 'వదినా, ఎన్నాళ్ళయ్యె నిన్ను చూసి' అని నువ్వు ఏడిస్తివి. చేతిలో మురుకుల సంచి. నా వాకిట్లో మీటరు చూసే ఆయన తప్ప మనిషి నిలబడి రెండేండ్లాయె. కాదు పో అనేదానికి నోరు వస్తాదా?"

ఎనిమిది మంది ఆడవాళ్ళూ ఆరాయి ఏమంటుందోనని చూశారు. ఇత్తడి చెంబు ఆవిడ మాత్రం నిరాశగా కనిపించింది. ఆరాయి నల్ల కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"సరి, నీ ఇంటిపేరు ఏమి?"

"మా ఆయనకే తెలుసు. ఆయనతోనే పోయె. నేను మరిచిపోయినా."

"మరిచిపోతివా?" ఆరాయి గెలిచినట్టు అందరివైపూ తిరిగింది. "అయితే మేకల కాదని ఎట్లా చెప్పేది? లెయ్యి వదినా, చీకటి పడే లోపల ఇల్లు చేరుదాం."

ఇంకో రెండు రోజులు ఉండి, కోళ్ళకు నీళ్ళు పెట్టేవాళ్ళు లేరని అంజలమ్మ ఆదివారం బయలుదేరింది. శక్తివేల్ ఉక్కడంలో బస్సెక్కించి వచ్చాడు. సోమవారం మూడుంపావుకు ఇలక్కియ గేటు బయటికి వచ్చేసరికి తల్లి ఎదురుగా ఉంది. అసలు రెండున్నర నుంచే ఉంది. ఆ పూట జోతిమణి కడుపు నిండా అన్నం తింది.

కానీ ఆమె లోపల భయం కూర్చునే పీట ఎక్కువసేపు ఖాళీగా ఉండదు. ఒక కన్ను కానరాని మనిషి, ఒంటి ఇల్లు, ఫోను చేస్తే ఎత్తదు, ఎత్తినా ఎవరని అడక్కుండా అన్నిటికీ అవునంటుంది. జోతిమణికి ఆదివారం తప్ప వీలు కాదు. కాబట్టి మీలో ఎవరైనా మామూలు రోజుల్లో పొల్లాచ్చి బస్సులో ఆ పక్కకు వెళ్తుంటే, కినత్తుకడవులో దిగి, బస్టాండులో పూలమ్మే ఆమెను దారి అడిగి, ఆ వాకిట్లో ఒక్క నిమిషం నిలబడి అంజలమ్మ ఎలా ఉందో చూసి రండి. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది.